అమ్మ రోజులో ఇమిడే అందం, వ్యాయామం, వినోదం

పిల్లలున్న ఇంట్లో తల్లికి తనకంటూ మిగిలే సమయం ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. పొద్దున అందరికంటే ముందు లేస్తే కాసేపు, బిడ్డ పడుకున్నప్పుడు అరగంట, రాత్రి పనులన్నీ అయ్యాక కళ్లు మూతలు పడేలోపు ఇంకాస్త. ఆ సమయమంతా ఏ క్రీము కొనాలి, ఏ యాప్ వేసుకోవాలి అని వెతకడంలోనే చాలామందికి గడిచిపోతుంది. చర్మమైనా, నడుమైనా, సాయంత్రం చూసే సీరియల్ అయినా ఫలితాన్ని తేల్చేది ఎంత, ఏ వేళ, ఎక్కడ ఆపాలి అన్న లెక్కే అని నా గట్టి నమ్మకం. ఇంట్లో ఉన్నవాటితోనే ఆ లెక్క ఎలా కుదురుతుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

సన్‌స్క్రీన్ ఎంత రాయాలి

ముఖానికి ఒక్కటే రాసుకునే తీరిక ఉందంటే అది సన్‌స్క్రీన్ కావాలి. మంగు మచ్చలు, ముడతలు, చర్మం ఒక్కో చోట ఒక్కో రంగులో కనిపించడం, వీటన్నిటి వెనకా ఎండ ఉంటుంది. ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పేందుకు ట్యూబు మీద వేసే ఎస్‌పీఎఫ్ అంకెను ప్రయోగశాలలో తేల్చేటప్పుడు చర్మం మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తారు. ఇళ్లలో మనం పూసేది సాధారణంగా అందులో పావు నుంచి సగం. పూత పలచబడితే రక్షణ బాగా పడిపోతుంది. అందుకే ఎస్‌పీఎఫ్ 50 తెచ్చి పొదుపుగా వాడడం కంటే ఎస్‌పీఎఫ్ 30 తెచ్చి నిండుగా రాసుకోవడం మేలు. ఆ రెండింటి మధ్య తేడా కూడా అనుకున్నంత ఉండదు. సరిపడా రాసినప్పుడు 30 అంకె ఉన్నది చర్మాన్ని కమిలించే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని ఆపితే, 50 అంకె ఉన్నది దాదాపు 98 శాతాన్ని ఆపుతుంది.

కొలతకు చెంచాలు అక్కర్లేదు. చూపుడువేలు, మధ్యవేలు చాపి, రెండింటి మీదా మొదలు నుంచి కొసదాకా ఒక్కో గీత పిండండి. ఆ రెండు గీతలూ ముఖానికి, మెడకు కలిపి. రెండూ ఒకేసారి పులిమితే తెల్లగా తేలి కనిపిస్తుంది. ఒక గీత పూసి, అది కాస్త ఇంకాక రెండోది పూయండి. చెవుల పైభాగం, జుట్టు మొదలయ్యే అంచు, మెడ వెనక, అరచేతుల వెనక వైపు, ఈ నాలుగు చోట్లా దాదాపు అందరూ వదిలేస్తారు.

రాయగానే చిన్న చిన్న ఉండలుగా ఊడి వస్తోందంటే దాని కింద పూసిన సీరమో, మాయిశ్చరైజరో ఇంకా తడిగానే ఉందన్నమాట. లేదా పొరలు మరీ ఎక్కువయ్యాయి. కింద ఒక్క పొరే ఉంచి, రెండు మూడు నిమిషాలు ఆగి, రుద్దకుండా అద్దినట్టు పూస్తే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. సన్‌స్క్రీన్‌ను ఫౌండేషన్‌లో కలిపి ఒకేసారి రాసేయడం మాత్రం వద్దు. కలిపితే పూత సమంగా పరుచుకోదు, అంకె మీద పెట్టుకున్న భరోసా పోతుంది.

ఇంట్లోనే ఉంటాం కదా, ఎందుకు అనే ప్రశ్నకు జవాబు కిటికీ దగ్గర ఉంది. మామూలు అద్దం యూవీబీని ఆపుతుంది కానీ యూవీఏలో చాలా భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. చర్మాన్ని లోతుగా దెబ్బతీసేది ఆ యూవీఏనే. రోజూ కిటికీ పక్కన కూర్చుని బిడ్డకు పాలిచ్చే తల్లికి సన్‌స్క్రీన్ అవసరం ఉంది. కిటికీకి దూరంగా లోపలి గదిలో గడిపే రోజు పొద్దున ఒక్కసారి రాస్తే చాలు. బయట ఎండలో ఉంటే మాత్రం రెండు గంటలకోసారి, చెమట పట్టినా ముఖం కడిగినా వెంటనే మళ్లీ రాయాలి. కొనేటప్పుడు యూవీఏ, యూవీబీ రెండింటి నుంచీ కాపాడే బ్రాడ్ స్పెక్ట్రమ్ అని ఉందో లేదో చూడండి.

గర్భం సమయంలో బుగ్గల మీద, పైపెదవి మీద వచ్చే మంగుకు ఇంకో చిక్కుంది. యూవీతో పాటు కంటికి కనిపించే వెలుతురు కూడా దాన్ని ముదరనిస్తుంది, మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుతురును ఆపదు. ఐరన్ ఆక్సైడ్లు కలిసిన, చర్మపు రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్ ఆపుతుంది. మంగు ఉన్నవాళ్లు ట్యూబు వెనక పదార్థాల పట్టికలో ఆ పేరు వెతకాలి. కాన్పు తర్వాత చాలామందికి మంగు నెలల మీద దానంతటదే పలచబడుతుంది కాబట్టి తొందరపడి ఘాటైన క్రీములకు పోవద్దు.

ఆ తొందరలోనే కొందరు నిమ్మరసం, వంటసోడా ముఖానికి పట్టిస్తారు. దయచేసి ఆ రెండూ మానేయండి. ఆరోగ్యంగా ఉన్న చర్మం కాస్త ఆమ్లంగా, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5కు అటూఇటూగా ఉంటుంది. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటే, వంటసోడా క్షారం వైపు 8 దాటుతుంది. రెండూ చర్మపు పైపొరను దెబ్బతీస్తాయి. నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి, నల్లటి మచ్చలు నెలల తరబడి ఉండిపోవచ్చు. మచ్చ పోగొట్టుకోబోయి ఇంకోటి తెచ్చుకున్నట్టవుతుంది.

ముడతలు, మచ్చలకు రాసే విటమిన్ ఎ రకం రెటినాల్ గురించి రెండు మాటలు. పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ గర్భంతో ఉన్నప్పుడు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు వాడకూడదు. పాలిచ్చే రోజుల్లో డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. ఆ దశలన్నీ దాటాక మొదలుపెడితే వారానికి రెండు రాత్రులు, ముఖమంతటికీ బఠాణీ గింజంత, ముఖం పూర్తిగా ఆరాకే. తడి చర్మం మీద రాస్తే మంట ఎక్కువ. చర్మం పొట్టు లేస్తుంటే ముందు మాయిశ్చరైజర్, ఆపైన రెటినాల్, దానిపైన మళ్లీ మాయిశ్చరైజర్ రాస్తే తట్టుకోగలుగుతుంది. తేడా కనిపించడానికి కనీసం మూడు నెలలు పడుతుంది. రెండు వారాలకే మార్చేస్తూ పోతే దేనివల్ల ఏమైందో ఎప్పటికీ తెలియదు.

కళ్ల కింద నలుపుకు క్రీము కొనేముందు అద్దం ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మంచి వెలుతురులో కంటి కింది చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకు లాగండి. నలుపు చర్మంతో పాటు కదిలి అలాగే ఉంటే అది రంగు, దానికి సన్‌స్క్రీను, రంగు తగ్గించే క్రీములు కొంత ఉపయోగపడతాయి. గడ్డం కాస్త పైకెత్తి వెలుతురు ముఖం మీద నేరుగా పడేలా నిలబడినప్పుడు నలుపు మాయమైతే అది గుంట వల్ల పడే నీడ. నీడను ఏ క్రీమూ తీయలేదు, డబ్బు వృథా. నీలంగానో ఊదాగానో కనిపిస్తే పలచటి చర్మం కిందున్న రక్తనాళాలు, వాటికి నిద్ర, చల్లటి గుడ్డ కొంతవరకు పనిచేస్తాయి.

జుట్టు ఎందుకు రాలుతోంది

కాన్పు అయిన రెండు నుంచి నాలుగు నెలల మధ్య దువ్వెన నిండా జుట్టు రావడం మొదలవుతుంది. భయపడి నూనెలు, షాంపూలు మార్చడం కూడా అప్పుడే మొదలవుతుంది. జరిగేది ఇది. గర్భంలో ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉండడం వల్ల మామూలుగా రాలాల్సిన జుట్టు కూడా పెరిగే దశలోనే నిలిచిపోతుంది. కాన్పుతో ఆ హార్మోను ఒక్కసారిగా పడిపోగానే అదంతా ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్తుంది. ఆ దశ సుమారు మూడు నెలలు. అది పూర్తయ్యాక జుట్టు ఊడుతుంది. అంటే ఈరోజు ఊడిన జుట్టుకు కారణం మూడు నెలల వెనక ఉంది, నిన్న మార్చిన షాంపూలో లేదు. పెద్ద జ్వరం, ఆపరేషన్, కడుపు మాడ్చుకునే డైటింగ్, వీటి తర్వాత ఊడేదీ ఇదే లెక్కన.

చాలామందికి బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి పరిస్థితి సర్దుకుంటుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక నుదుటి అంచున పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తే అది మంచి కబురే. ఏడాది దాటినా తగ్గకపోయినా, పాపిడి వెడల్పవుతున్నా, దాంతోపాటు నీరసం, గుండెదడ ఉన్నా రక్తపరీక్ష చేయించుకోవాలి. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పనితీరును చూపే టీఎస్‌హెచ్, ఈ మూడూ ముఖ్యం. కాన్పు తర్వాత థైరాయిడ్ గాడి తప్పడం అరుదేమీ కాదు.

ఇక్కడొక సంగతి తెలిసి ఉండాలి. జుట్టు కోసమని పెద్ద మోతాదులో బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు వేసుకుంటుంటే, కొన్ని ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్ష ఫలితాలు తప్పుగా వస్తాయి. లేని జబ్బు ఉన్నట్టు, ఉన్నది లేనట్టు చూపించవచ్చు. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించే హెచ్చరిక జారీ చేసింది. మాత్రల విషయం డాక్టరుకు, ల్యాబు వాళ్లకు ముందే చెప్పి, పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి తెలుసుకోండి.

ఊడిన జుట్టుతో బిడ్డకు ఒక ప్రమాదం ఉంది. పొడవాటి వెంట్రుక సాక్సులోకో, చేతి తొడుగులోకో చేరి చంటిబిడ్డ కాలివేలికో చేతివేలికో చుట్టుకుంటుంది. తడిసి, ఆరి బిగుసుకుంటుంది. వేలు వాచి, రక్తప్రసరణ ఆగిపోయే దాకా రావచ్చు. బిడ్డ ఎందుకేడుస్తోందో తెలియనప్పుడు సాక్సులు విప్పి కాలివేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూడండి. వేలి మొదట్లో సన్నటి గాడి, దాని పైన ఎర్రగా వాపు ఉంటే అదే. అంచు దొరికితే మెల్లగా విప్పండి, దొరక్కపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. బిడ్డ సాక్సులు ఉతికాక తిరగేసి దులపడం, జుట్టు ఎక్కువగా ఊడే ఆ నెలల్లో ఇంట్లో జుట్టు వదులుగా ముడి వేసుకోవడం దీనికి ముందుజాగ్రత్త. వదులుగా అని ఎందుకంటున్నానంటే, రోజూ బిగించి కట్టే పోనీటెయిల్ నుదుటి అంచున కుదుళ్లను లాగి లాగి అక్కడ శాశ్వతంగా పలచబరచవచ్చు.

పొట్ట కంటే ముందు చూడాల్సినవి

కాన్పు తర్వాత వ్యాయామం అనగానే అందరి చూపూ పొట్ట మీదే పడుతుంది. వెంటనే క్రంచెస్ (పడుకుని తల, భుజాలు ఎత్తే పొట్ట వ్యాయామం) మొదలుపెడతారు. దానికంటే ముందు పొట్ట మధ్య ఎడం చూసుకోవాలి. గర్భం చివరి నెలల్లో పొట్ట ముందు భాగంలోని రెండు నిలువు కండరాలు మధ్య గీత దగ్గర విడిపోతాయి. ఇది దాదాపు అందరికీ జరిగేదే. కాన్పైన మొదటి ఎనిమిది వారాల్లో చాలావరకు దగ్గరవుతాయి, కొందరికి ఎడం అలాగే మిగులుతుంది.

చూసుకోవడం ఇలా. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. బొడ్డుకు కాస్త పైన వేళ్లను అడ్డంగా ఆనించి, ఊపిరి వదులుతూ తల, భుజాలు కొంచెం ఎత్తండి. వేళ్లకు రెండు పక్కలా కండరాల అంచులు తగులుతాయి. వాటి మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూడండి. బొడ్డు దగ్గర, బొడ్డు కింద కూడా చూడండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ ఉన్నా, వేళ్లు మెత్తగా లోపలికి దిగిపోతున్నా, తల ఎత్తినప్పుడు మధ్యలో గట్టులాగా ఉబ్బుతున్నా క్రంచెస్, ప్లాంకులు (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని నిలిపి ఉంచడం) ఇప్పుడే వద్దు. ఆ ఉబ్బే అన్నిటికంటే నమ్మదగిన గుర్తు. ఏ వ్యాయామం చేసినా మధ్యగీత ఉబ్బితే అది మీ పొట్ట ఇంకా మోయలేని బరువని అర్థం.

మొదలు పెట్టాల్సింది ఊపిరితో. అదే భంగిమలో పడుకుని, పక్కటెముకలు పక్కలకు విచ్చుకునేలా గాలి పీల్చి, నోటితో మెల్లగా వదులుతూ కింది పొట్టను లోపలికి తీసుకోండి. పది సార్లు. అది పట్టుబడ్డాక ఊపిరి వదిలేటప్పుడు ఒక మడమను నేల మీద జార్చుతూ కాలు చాపి మళ్లీ దగ్గరికి తెచ్చుకోండి, ఒక్కో కాలికి ఎనిమిది. నడుం నేల మీద నుంచి లేచిందంటే కాలు మరీ దూరం పోయిందన్నమాట, సగం దాకా చాపండి. ఇది తేలికయ్యాక ఒక కాలు, ఆపైన ఎదురు చెయ్యి కలిపి ఎత్తడం. సిజేరియన్ అయినవాళ్లు డాక్టరు సరేనన్నాకే, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, ఊపిరి వ్యాయామం దాటి ముందుకు వెళ్లాలి. మొదటి వారాల్లో నడక పెంచిన రోజు రక్తస్రావం ఎక్కువైతే శరీరం ఆగమంటోందని గుర్తు. మర్నాడు తగ్గించండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

పొట్టకు బిగించే బెల్టులు కొవ్వు కరిగించవు. మరీ బిగించి కడితే లోపలి ఒత్తిడంతా కిందికి, మూత్రాశయం, గర్భసంచిని కింద నుంచి మోసే పెల్విక్ ఫ్లోర్ కండరాల మీదికి దిగుతుంది. దగ్గినా, తుమ్మినా మూత్రం చుక్కలుగా పడే ఇబ్బంది వచ్చేది ఆ కండరాలు బలహీనపడినప్పుడే. తల్లులు దీన్ని బయటికి చెప్పుకోరు, పిల్లలు పుట్టాక మామూలే అనుకుని ఏళ్ల తరబడి భరిస్తారు. చాలామందికి ఉన్నదే, కానీ భరించాల్సిన పనిలేదు. ఏళ్లు గడిచినా బాగుపడుతుంది.

ఆ కండరాలను బిగించి వదిలే వ్యాయామమే కెగెల్. అది చేయడానికి, గ్యాస్ పోకుండా ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి బిగించాలి. మూడు నుంచి ఐదు సెకన్లు ఉంచి, అంతే సేపు పూర్తిగా వదలాలి. పది సార్లు ఒక విడత, రోజుకు మూడు విడతలు. వారాల మీద పది సెకన్ల దాకా పెంచండి. తొడలు, పిరుదులు బిగుస్తున్నాయంటే తప్పు కండరం పనిచేస్తోంది. ఊపిరి బిగబట్టడం ఇంకో తప్పు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయడం అస్సలు వద్దు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది. వదలడం కూడా బిగించడమంత ముఖ్యం. బిగించినప్పుడు నొప్పి ఉంటే ఆ కండరాలు బలహీనంగా కాక బిగుసుకుపోయి ఉండొచ్చు, అప్పుడు కెగెల్ ఆపి ఫిజియోథెరపిస్టును కలవాలి. రోజూ చేస్తే మూడు నెలల్లో తేడా తెలుస్తుంది. తుమ్ము వస్తోందనగానే ముందే బిగించడం, బిడ్డను ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతూ ఎత్తడం, ఈ రెండూ మాత్రం ఈరోజు నుంచే పనికొస్తాయి.

ఇక మణికట్టు. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి చంటిపిల్లల తల్లులకు ఎంత సాధారణమో చెప్పలేను. డీ క్వెర్వేన్ అంటారు. బిడ్డ చంకల కింద చేతులు పెట్టి, బొటనవేళ్లు పైకి చాపి, మిగతా వేళ్లతో ఎల్ ఆకారంలో పట్టుకుని ఎత్తుతాం కదా, ఆ పట్టులో బిడ్డ బరువంతా బొటనవేలిని కదిలించే రెండు సన్నటి తాళ్ల (కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ల) మీద పడుతుంది. రోజంతా పదే పదే అదే. వాటి పైనున్న తొడుగు వాచి, తాళ్లు అందులో ఒరుసుకుంటాయి. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్లతో పిడికిలి బిగించి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచితే సూదిలా పొడుస్తుంది.

ఎత్తే తీరు మార్చకుండా ఇది ఏ పూతమందుకూ తగ్గదు. ఒక అరచెయ్యి బిడ్డ పిరుదుల కింద, ఇంకోటి మెడ, వీపుల కింద, బొటనవేళ్లు మిగతా వేళ్లకు ఆనించి, తవ్వి తీసుకున్నట్టు ఎత్తండి. మణికట్టు వంగకుండా ముంజేతితో ఒకే గీతలో ఉండాలి, బరువు మోచేతి నుంచి రావాలి. పాలిచ్చేటప్పుడు బిడ్డ తలను వంచిన మణికట్టుతో పట్టుకోవడం కూడా ఇదే నొప్పి తెస్తుంది, దిండు ఎత్తు పెంచి తల బరువును దిండు మీదికి మార్చండి. ఫోనును ఒక చేత్తో పట్టుకుని అదే బొటనవేలితో స్క్రోల్ చేయడం నొప్పిని మళ్లీ తిరగబెడుతుంది. బొటనవేలిని కూడా కట్టిపడేసే స్ప్లింటు కొన్ని వారాలు వాడితే చాలామందికి తగ్గుతుంది. మణికట్టుకు మాత్రమే ఉండే బ్యాండు దీనికి పనికిరాదు. తగ్గకపోతే ఎముకల డాక్టరు దగ్గర ఇంజెక్షను సహా వేరే మార్గాలున్నాయి.

వీటిని సరిచేసుకున్నాక అసలు వ్యాయామానికి ఐదు కదలికలు చాలు. కుర్చీలో కూర్చుని లేవడం, గోడను తోసే పుషప్, పడుకుని నడుం ఎత్తే బ్రిడ్జి, రబ్బరు బ్యాండును ఛాతీ వైపు లాగడం, తుంటి దగ్గర నుంచి వంగి బరువు ఎత్తడం. ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రెండు విడతలు, వారానికి రెండు రోజులు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఆపాల్సిన చోటు, ఇంకో రెండు మూడు మాత్రమే చేయగలను అనిపించినప్పుడు. పన్నెండు చేశాక కూడా ఇంకా పది చేయగలను అనిపిస్తే బరువు చాలడం లేదు, పెంచండి. ఈ పెంచడమే జరగక చాలామందికి నెలలు గడిచినా మార్పు రాదు. మొదటి నాలుగైదు వారాల్లో పెరిగే బలం చాలావరకు నరాలు కండరాలను మెరుగ్గా వాడుకోవడం వల్ల వస్తుంది, తూకంలో ఏమీ కనిపించదు. అందుకని ఆ వారాల్లో బరువు కాకుండా చేసిన సంఖ్య రాసిపెట్టుకోండి.

మిగతా రోజులకు నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ చాలు. పాత సూచనల్లో ఒక్కో విడత కనీసం పది నిమిషాలుండాలనే షరతు ఉండేది, 2020లో దాన్ని తీసేశారు. తల్లులకు ఇంతకంటే మంచి కబురు లేదు. నాలుగు నిమిషాలు మెట్లెక్కినా లెక్కలోకి వస్తుంది. వేగం సరిపోయిందో లేదో తెలియాలంటే, నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. పదివేల అడుగుల లెక్కకు పరిశోధన మూలం కాదు. 1960ల మధ్యలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగులు లెక్కపెట్టే పరికరం పేరులోంచి అది వచ్చింది. అంతకంటే తక్కువ నడిచినా ఆరోగ్యానికి మేలు జరుగుతుంది. పరుగు మాత్రం కాన్పైన పన్నెండు వారాల లోపు వద్దు, ఆ తర్వాత కూడా మూత్రం పడడం, కింద బరువుగా లాగుతున్నట్టుండడం లేకపోతేనే.

వినోదం, ఒక చెవితో

చంటిబిడ్డ ఉన్నప్పుడు రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోలేం, ఏడుపు వినిపించాలి. ఒక్కటే పెట్టుకుంటే పాటలో సగం వాద్యాలు, సంభాషణలో ఒక పక్క మాటలు వినపడవు, ఎందుకంటే స్టీరియోలో కుడి ఎడమలకు వేర్వేరు శబ్దాలు వెళ్తాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేస్తే రెండూ కలిసి ఒకే చెవికి వస్తాయి. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ ఉంది. ఉచితంగా దొరికే సౌకర్యం, చాలామందికి తెలియదు. బయటి చప్పుడును దాటి వినాలని శబ్దం పెంచేస్తుంటాం, అది జాగ్రత్త. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్, పిల్లలకు 75 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం.

వినే కథలు, చూసే కథల కంటే తల్లి రోజులో బాగా ఇముడుతాయి. చేతులు ఖాళీగా ఉండక్కర్లేదు, కళ్లు బిడ్డ మీదే ఉంచొచ్చు. మనసును కట్టిపడేసే ఒక ఆడియో కథను నడకలో మాత్రమే వినాలని నియమం పెట్టుకుంటే నడకా తప్పదు. ఇది ఊరికే చెప్పే మాట కాదు. అమెరికా పరిశోధకురాలు కేథరిన్ మిల్క్‌మన్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసక్తికరమైన ఆడియో పుస్తకాలను జిమ్‌లో మాత్రమే వినగలిగేలా చేసినప్పుడు మొదట్లో జిమ్‌కు వెళ్లడం పెరిగింది. అయితే సెలవులొచ్చి విరామం పడగానే ఆ ప్రభావం కరిగిపోయింది. అందులోంచి మనం తీసుకోవాల్సింది రెండో భాగం. విరామం తర్వాత పాత కథ మళ్లీ లాగదు, కొత్త కథ మొదలుపెట్టాలి.

రాత్రి సీరియల్ చూస్తూ నిద్ర పోగొట్టుకునే అలవాటుకు సంకల్పం కంటే ఒక చిన్న ఉపాయం మెరుగ్గా పనిచేస్తుంది. ఎపిసోడ్ చివర్లో ఉత్కంఠ పెట్టి వదిలేస్తారు, అక్కడ ఆపడం దాదాపు అసాధ్యం. అలాంటప్పుడు తర్వాతి ఎపిసోడ్ మొదలుపెట్టి, ఆ ఉత్కంఠ విడిపోయే మొదటి ఐదారు నిమిషాలు చూసి అక్కడ ఆపండి. మధ్యలో కథ నెమ్మదించిన చోట ఆపడం ఎంత తేలికో మీకే తెలుస్తుంది. ఆటోప్లే మాత్రం ముందే ఆఫ్ చేసి ఉంచాలి. ఆడియోకైతే స్లీప్ టైమర్‌లో ఎపిసోడ్ చివరన ఆగేలా కాకుండా ఇరవై నిమిషాలు అని పెట్టుకోండి.

పిల్లల సంగతికి వస్తే, రెండేళ్ల లోపు బిడ్డకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఎవరూ చూడకపోయినా టీవీ మోగుతూ ఉండడం కూడా మంచిది కాదు. అది మోగుతున్నప్పుడు పెద్దవాళ్లు బిడ్డతో మాట్లాడే మాటలు తగ్గిపోతాయి. తెర ఇచ్చిన రోజు ఎన్ని నిమిషాలు అని చెప్పే బదులు ఎన్ని ఎపిసోడ్లు అని ముందే చెప్పండి, కథ మధ్యలో లాక్కుంటేనే పేచీ పెద్దదవుతుంది.

ఒక్క జాగ్రత్త ఈ సాయంత్రమే చూసుకోండి. చిన్న రిమోట్లు, పాడే బొమ్మలు, దీపాల బొమ్మల్లో ఉండే నాణెం లాంటి బటన్ బ్యాటరీ బిడ్డ మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేస్తుంది. మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. లేకపోతే బిడ్డకు అందని చోట పెట్టండి. మింగిందనే అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇన్ని పెట్టుకున్నా, పిల్లలకు జ్వరం వచ్చిందంటే అంతా ఆగిపోతుంది. తిరిగి మొదలుపెట్టేటప్పుడు వదిలేసిన చోటి నుంచి అందుకోవద్దు. రెండు వారాలు వ్యాయామం మానితే ఆపినప్పటి బరువులో మూడింట రెండొంతులతో, ఒక్క విడతతో మొదలుపెట్టి వారం తర్వాత రెండో విడత కలపండి. మొదటి రోజు తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులు సహజం, నాలుగో రోజుకూ తగ్గకపోతే బరువు ఎక్కువైనట్టు. కెగెల్ సెకన్లు కూడా సగానికి తగ్గించి మళ్లీ పెంచుకోండి. రెటినాల్ అయితే వారానికి రెండు రాత్రులతో మళ్లీ మొదటికి రావాలి. సన్‌స్క్రీన్‌కు ఈ మెట్లేవీ లేవు, మర్నాడు పొద్దున రెండు వేళ్ల నిండా పిండడమే. తెరిచి పెట్టిన ట్యూబు మీద తెరిచిన డబ్బా బొమ్మలో 6, 12 లాంటి అంకె ఉంటుంది, తెరిచాక అన్ని నెలలే వాడాలని దానర్థం. మూత తీసిన తేదీని ట్యూబు వెనక పెన్నుతో రాసి ఉంచితే, ఎన్నాళ్ల విరామం తర్వాతైనా అది ఇంకా పనికొస్తుందో లేదో చూడగానే తెలుస్తుంది.